లారెన్సు వారికి ఒక కట్టె

మా బావమరిది యాదయ్య మిర్యాలగూడ రైసుమిల్లులో బాయిలరు మండించేవాడు. ఓరోజు మంట ఎగిసి కుడిచెయ్యి కాలింది. దవాఖానలో చెయ్యి మానింది గానీ భయం మానలేదు. అగ్గిపుల్ల గీస్తే మొహం తిప్పుకునేవాడు. నాలుగు నెలలుగా వాడి బీడీ నేనే అంటించి ఇస్తున్నాను. సోమవారం పనిలోకి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని సేటు చెప్పేశాడు. చెయ్యి మానితే మేళ్లచెరువు అవతల పునీత లారెన్సు వారి గుడి పండుగకు వాణ్ణి పంపిస్తానని మా ఆవిడ మొక్కుకుంది. మొక్కింది ఆమె, ఆదివారం పొద్దున ఆరున్నరకు వాడితో బస్సెక్కింది నేను.

కోదాడకు మనిషికి ఎనిమిది రూపాయలు. తొమ్మిదికి దిగి, ఇడ్లీలు తిని, డజను కొవ్వొత్తులు కొన్నాను. మేళ్లచెరువు బస్సులో పక్క సీటు ముసలమ్మ ఒళ్ళో వంటచెరుకు కట్టె ఉంది. పేరు మరియమ్మ.

"లారెన్సు వారికి కొవ్వొత్తులెందుకయ్యా? ఆయన్ని మంట మీద కాల్చి చంపారు. మళ్ళా మంటే చూపిస్తావా?"

ఆమే చెప్పింది. లారెన్సు వారు వెనకటి కాలంలో రోము పట్నంలో గుడి సొమ్ము చూసేవారట. ఆ సొమ్మంతా తెమ్మని పాలకుడు అడిగితే కుంటివాళ్ళనీ గుడ్డివాళ్ళనీ బీదవాళ్ళనీ తీసుకెళ్ళి, మా ఆస్తి వీళ్ళే అన్నారట. ఇనుప చట్రం మీద కాలుస్తుంటే, ఈ పక్క కాలింది, ఇటు తిప్పండి అన్నారట. ఇన్నాళ్ళకు ఎకసెక్కాలాడే నా జాతి మనిషి ఒకడు దొరికాడనుకున్నాను.

యాదయ్య నవ్వలేదు. "ఆయనకు భయం కాలేదా అవ్వా?"

"అయ్యే ఉంటది నాయనా. మనకి చెప్పలా."

పదకొండింటికి చేరాం. ఆ గుడిలో ఈయన ముందు దీపం పెట్టరు. వచ్చినవాళ్ళు తలా ఒక కట్టె పండుగ వంట పొయ్యిలో తమ చేత్తో పెట్టాలి. ఆ అన్నం ముందు బీదవాళ్ళు తింటారు. మరియమ్మ తన కట్టె విరిచి సగం యాదయ్యకిచ్చింది.

"ఇటియ్యి, నేను పెడత," అన్నాను.

"కాలింది నీకా?" అందామె.

యాదయ్య రెండుసార్లు పొయ్యి దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. ఊరికే ఉండలేక, "యాదీ, రెండో పక్క కూడ కాలాలెనా ఏంది?" అన్నాను.

"బావా, జర ఊకో."

ఆకులు ముందు వేసుకుని బీదవాళ్ళు వరసగా కూర్చునే ఉన్నారు. పొయ్యి చూస్తే పొగ తప్ప మంట లేదు. అన్నం ఉడకడం లేదు. యాదయ్య కాసేపు ఓర్చుకున్నాడు.

"గాలాడకుండ గిట్ల కుక్కితే ఎట్ల మండుతదయ్యా? జరుగుండ్రి."

వంగి కట్టెలన్నీ బయటికి లాగాడు. ఎడం ఎడంగా పేర్చి, తన సగం ముక్క మధ్యలోకి తోశాడు, కుడిచేత్తోనే. మంట లేచింది. మొహం మాత్రం తిప్పలేదు. చివరి పంక్తి దాకా ఆ పొయ్యి వదల్లేదు. మేం తినేసరికి మూడయింది.

నాలుగున్నరకు తిరుగు బస్సు. నిలబడే ప్రయాణం, ఒంటినిండా దారిలో క్వారీల సున్నపురాయి దుమ్ము. అయినా వెళ్ళిరండి, ఆ అన్నం తినదగ్గది. కొవ్వొత్తులు కొనకండి, మా ఇంట్లో డజను ఉన్నాయి.

కోదాడ బస్టాండులో అలవాటుగా రెండు బీడీలు తీసి నోట్లో పెట్టుకున్నాను. యాదయ్య ఒకటి లాక్కుని, నా జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

"రేపు పొద్దుగాల్ల ఐదింటికే లేపు బావా," అని పుల్ల గీసి, ముందు నాది అంటించాడు.