నా పాదాలకు తెలియని వేడి

2004 వేసవిలో ఒక ఉదయం తాడేపల్లిగూడెం బస్టాండు నుంచి మిల్లుకు నడిచి వెళ్ళాను. గేటు దగ్గర టీకొట్టాయన నా కాళ్ళ వంక చూసి, "మేస్త్రిగారూ, రెండో చెప్పేదండీ?" అన్నాడు. చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఏదో తేడాగా ఉందని ఆ రోజే అనిపించింది. కానీ నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి, ఉప్పుడు బియ్యం మిల్లులో మేస్త్రిని, చెప్పు పోయిందని డాక్టరు దగ్గరికి వెళతానా?

ఉడికించిన ధాన్యాన్ని మిల్లు వెనుక సిమెంటు గచ్చు మీద ఆరబోస్తారు. ఆడవాళ్ళు వరుసగా నడుస్తూ కాళ్ళతో దాన్ని తిరగేస్తారు. వాళ్ళ మీద పెత్తనం నాది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, అందరిలోకీ పెద్దదైన మరియమ్మ వచ్చి, "అరికాళ్ళు కాలిపోతున్నాయండి. కాసేపు నీడలో కూర్చుంటామండి" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. చెప్పులు విడిచి గచ్చు మధ్యకు వెళ్ళి నిలబడ్డాను. "నాకు కాలట్లేదే! మీకే ఎందుకు కాలుతోంది?" అన్నాను. చాలాసేపు అలాగే నిలబడ్డాను. వాళ్ళు మళ్ళీ నడవడం మొదలుపెట్టారు. నెగ్గానని సంబరపడ్డాను.

సాయంత్రం ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటే నా భార్య సుగుణ, "ఏవండీ, ఈ బొబ్బలేంటండీ?" అని కేక పెట్టింది. రెండు అరికాళ్ళ నిండా బొబ్బలు. నొప్పి మాత్రం లేదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదనుకున్నాను. పది రోజులకు ఎడమ పాదం వాచి, జ్వరం వచ్చి, ఏలూరు ఆసుపత్రిలో పడ్డాను.

"షుగర్ ఎన్నాళ్ళ నుంచి ఉందండీ?" అని అడిగారు డాక్టరుగారు. నాకు షుగరేమిటన్నాను. బ్లడ్ టెస్టు రిపోర్టు వచ్చాక ఆ మాట మళ్ళీ అనలేదు. సుగుణ గచ్చు సంగతి కూడా చెప్పింది. ఆయన సన్నటి నైలాన్ దారం లాంటిది తీసి, "కళ్ళు మూసుకోండి. పాదానికి తగిలినప్పుడల్లా చెప్పండి" అన్నారు. ఎప్పుడు మొదలుపెడతారా అని ఎదురుచూస్తున్నాను. "అయిపోయిందండి, కళ్ళు తెరవండి" అన్నారు. "దీన్ని డయాబెటిక్ న్యూరోపతీ అంటారు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిని స్పర్శ పోయింది. ఆ రోజు మీరు ఓపికతో నిలబడలేదండి, కాలడం తెలియక నిలబడ్డారు."

నాకు భయం వేయలేదు, ఏడుపు రాలేదు. పైన ఫ్యాను వంక చూస్తూ పడుకున్నాను. పాదాలతో పాటు మనసూ మొద్దుబారినట్టే ఉంది.

ఇన్సులిన్, రోజూ డ్రెస్సింగ్. పుండు మానుతోందన్నాక విశ్రాంతికని కొల్లేటికోటలో బావమరిది ఇంటికి వెళ్ళాం. నీళ్ళలో దిగొద్దని డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పారు. చేపల చెరువులో వల లాగుతుంటే ఊరికే చూస్తూ ఉండలేక, కట్టు మీద ప్లాస్టిక్ కవరు చుట్టుకుని అంచున దిగాను. "బావగారూ, వద్దండీ" అని బావమరిది అంటూనే ఉన్నాడు. నాకేం కాదులే అన్నాను. నత్తగుల్ల కవరును చీల్చి కాలి చిటికెన వేలిని కోసిందని ఇంటికొచ్చి రక్తం చూశాకే తెలిసింది. వారానికి ఆ వేలు నల్లబడింది. "వేలు తీసేస్తే పాదం దక్కుతుందండి. ఆలస్యమైతే చెప్పలేను" అన్నారు సర్జన్‌గారు. సంతకం పెట్టాను. సుగుణ ఏడ్చింది. ఆమె ఏడవడం చూస్తూ కూర్చున్నాను.

మరుసటి వేసవికి బూట్లతో మిల్లుకు వెళ్ళాను. మధ్యాహ్నం గచ్చు దగ్గర నిలబడితే అది ఎంత కాలుతోందో నాకు తెలియలేదు. తెలుసుకునే దారి ఒక్కటే ఉంది.

"మరియమ్మా, కాలుతోందా?" అని అడిగాను.

ఆమె నా ముఖంలోకి అనుమానంగా చూసింది. "కాలుతోందండి."

"అయితే అందరూ నీడకు వెళ్ళండి."

ఆమె కదలబోతుంటే, "ఆ రోజు నాకు తెలియలేదమ్మా" అన్నాను.

"మేం చెప్పామండి" అంది మరియమ్మ. కోపం లేకుండా, మెల్లగా. అన్ని నెలల తర్వాత అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

ఇప్పుడు నాకు యాభై మూడు. మండుటెండలో గచ్చు మీద పని ఆపించేస్తాను. ఒకప్పుడు నా ఒంటికి తెలిసిందే నిజమనుకునేవాణ్ణి. అడగడం నామోషీ అనుకునేవాణ్ణి. ఇప్పుడు రోజుకు పదిసార్లు అడుగుతాను, మునుపటికన్నా ప్రాణం తేలిగ్గా ఉంది. షుగర్ ఉన్నవాళ్ళకు ఒక్కటే చెబుతాను. రోజూ మీ అరికాళ్ళను, స్నానం నీళ్ళ వేడిని స్పర్శ బాగున్న మనిషిని చూసిపెట్టమనండి. కాలుతోందని వాళ్ళంటే, నమ్మండి.