మా ఊళ్లో అది ఫౌల్ కాదు

1981లో నేను విశాఖపట్నంలో ఒక డిగ్రీ కాలేజీకి ఫిజికల్ డైరెక్టర్‌ని. అందరూ పీడీ అంటారు. మా పిల్లలకు ఆటలు నేర్పడం సగం పని, ఇతర కాలేజీల మ్యాచ్‌లకు రిఫరీగా నిలబడటం మిగతా సగం. ఆ రోజుల్లో మా నగర కాలేజీల బాస్కెట్‌బాల్ లీగ్ చూడనివాడు ఆట చూడనట్టేనని ఇప్పటికీ వాదిస్తాను. షిఫ్టు దిగిన పోర్టు కార్మికులు ఇంటికి పోకుండా నేరుగా కోర్టుకే వచ్చేవారు. గాజువాక బస్సు మా గ్రౌండు ముందు ఆగితే సగం ఖాళీ అయ్యేది. గోడల మీద, సైకిల్ క్యారియర్ల మీద, ఆగిన లారీల మీద జనమే. ఆరు జట్లు. ఎవరు ఎవరినైనా ఓడించగలరు. బంతి కోసం ఒకరి మీద ఒకరు పడుతుంటే ఎర్రదుమ్ము లేచి బుట్ట కనిపించేది కాదు.

లీగ్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లకు ఉత్తరాదిలో ఏటా జరిగే అఖిల భారత కాలేజీల పోటీలకు పిలుపు వచ్చేది. ఇక్కడ సింహాల్లా ఆడినవాళ్లు అక్కడ రెండు రోజుల్లో పెట్టెలు సర్దుకునేవారు. ఒక ఏడు కాదు, వరసగా అన్నేళ్లూ.

కారణాలకు కొదవ లేదు. మా అందరిలో సీనియర్ పీడీ సూర్యనారాయణ గారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, మంచివాడు, ఆట బాగా తెలిసినవాడు. ఓ సాయంత్రం టీ దగ్గర తేల్చేశారు.

"మంగళవారం బయల్దేరితే ఇంకేమవుద్దండి మేష్టారూ?"

"ఆ రైల్లో మిగతా వెయ్యిమందీ మంగళవారమే ఎక్కారు కదా. వాళ్లందరూ ఏ ఆటలో ఓడిపోయారు?"

"మీతో వాదించలేమండి బాబూ. మీకు దేవుడూ లేడు, దెయ్యమూ లేదు. పోనీ గెలిచి చూపించండి."

చపాతీలు పడలేదన్నారు ఒకరు. చలి అన్నారు ఇంకొకరు. అక్కడి రిఫరీలకు దక్షిణాది వాళ్లంటే పడదన్నారు అందరూ. ఈ చివరిదాన్ని నేనూ నమ్మాను. ముహూర్తాల మీద సభల్లో గొంతు చించుకునే నేను, ఈ మాటకు రుజువేదని ఒక్కసారీ అడగలేదు. నాకు నచ్చిన కారణం కాబట్టి అడగలేదు.

అడిగినవాడు నూకరాజు. మా జట్టు కెప్టెన్, సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. అన్నలిద్దరూ వేటకు వెళ్తారు. డిగ్రీ దాకా వచ్చింది ఇతనొక్కడే. గాజువాక వైపు ఒక కంపెనీలో ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం ఉంది. జాతీయ పోటీల్లో క్వార్టర్ ఫైనల్ ఆడినట్టు సర్టిఫికెట్ తెస్తే తీసుకుంటామన్నారు. ఆ ఏడు తప్పితే అతనికి మరో అవకాశం లేదు.

"సార్, నాకిదే ఆఖరేడు. ఏ వారం బయల్దేరాలో నాకొద్దు. మనమెందుకు ఓడిపోతన్నామో సెప్పండి" అన్నాడు.

పాత స్కోర్ షీట్లు తీశాను. అందులో ప్రతి ఆటగాడి పేరు పక్కన అతను చేసిన పర్సనల్ ఫౌళ్లు గుర్తులు పెడతారు. ఎదుటివాణ్ణి పట్టుకోవడం, తొయ్యడం, చేతిమీద కొట్టడం ఫౌల్. అయిదు చేస్తే ఆ ఆటగాడు ఇక ఆ మ్యాచ్‌లో ఆడకూడదు. మేం ఓడిన ప్రతి ఆటలోనూ మా మంచి ఆటగాళ్లు ముగ్గురో నలుగురో అయిదు ఫౌళ్లతో బెంచీ మీద ఉన్నారు. చూశారా పక్షపాతం అనబోయాను. కానీ అవే పోటీల్లో, అదే రిఫరీల ముందు ఆడిన మరో దక్షిణాది జట్టు షీటు కూడా నా దగ్గరుంది. వాళ్లలో ఒక్కడూ బయటికి పోలేదు. సెమీఫైనల్ దాకా వెళ్లారు. నాకు నచ్చిన కారణం నా చేతిలోనే చచ్చిపోయింది.

మర్నాడు కోర్టులో బంతి నేను పట్టుకుని, నన్ను ఆపమన్నాను నూకరాజుని. ఒక మోచెయ్యి నా నడుముకి ఆనించాడు, రెండో చెయ్యి మణికట్టు మీద వేశాడు, నేను తిరగబోతే భుజంతో నెట్టాడు. క్షణంలో బంతి అతని చేతిలో ఉంది.

"ఇది ఫౌల్ కాదట్రా?"

"ఇక్కడ కాదు కదండీ."

"ఎవరు చెప్పారు?"

వెనకనుంచి సన్యాసి అనే కుర్రాడు అందుకున్నాడు. "మీరే కదండీ. ఎప్పుడైనా ఊదేరేటి?"

జట్టంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాడన్నది నిజం. మా లీగ్‌కు బయటి రిఫరీలు లేరు. మా ఆరుగురు పీడీలమే ఒకరి ఆటకు ఒకరం విజిల్ పట్టేవాళ్లం. ఈ రోజు మీవాడి మీద నేను ఊదితే రేపు నావాడి మీద మీరు ఊదుతారు. అందుకని ఎవరమూ ఊదేవాళ్లం కాదు. ఇలా చేద్దామని ఎవరూ అనలేదు, అందరం పాటించాం. రక్తం కారితే తప్ప విజిల్ మోగదు. జనానికీ అదే ఇష్టం. ఆరు జట్లూ ఒకే తప్పులో ఆరితేరాయి. అందరూ సమానంగా తప్పుచేస్తే ఆట సమానంగానే ఉంటుంది మరి.

పీడీలందర్నీ కూర్చోబెట్టి చెప్పాను. సూర్యనారాయణ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మర్యాదనేదొకటుంటదండి మేష్టారూ. మీరు మావాణ్ణి బయటికి పంపితే రేపు మీ నూకరాజుని నేనేం చెయ్యాలంటారు?"

"పంపండి. అదే అడుగుతున్నాను."

"కుర్రాడి ఉద్యోగం పోద్దండి. ఆలోచించుకోండి."

ఆలోచించే ఊదాను. తరవాతి ఆట ఆయన జట్టుదే. మొదటి నిమిషం నుంచీ విజిల్ నోట్లోంచి తియ్యలేదు. "ఏటి బావా, ఈడు మేచ్ ఆడిత్తన్నాడా, ట్రాఫిక్ సూత్తన్నాడా?" అని గోడ మీదనుంచి కేక. ఆయన కుర్రాళ్లు ముగ్గురు బెంచీ ఎక్కారు, జట్టు ఓడింది. నాలుగు రోజులకు మా ఆటకు ఆయన రిఫరీ. రూల్ పుస్తకం అక్షరం పొల్లుపోకుండా అమలుచేశారు. సగం ఆట కాకముందే నూకరాజు అయిదు ఫౌళ్లతో బయటికొచ్చాడు. మేం ఓడాం.

నూకరాజు తువ్వాలు బెంచీ మీద పడేశాడు. "బాగుంది సార్. అక్కడ ఓడిపోయే ఆట ఇక్కడే ఓడిపోయేం."

ఇంకొక్క ఆట పోతే ప్రయాణమే లేదు.

ఆ మర్నాటినుంచి కొత్త సాధన. వీపు వెనక తువ్వాలును రెండు చేతులా పట్టుకుని, చేతులు కదపకుండా కాళ్లతోనే ఎదుటివాడికి అడ్డుపడాలి. నూకరాజు చెయ్యి పది నిమిషాలకోసారి దానంతటదే ముందుకొచ్చేది. "బావా, సేపనుకున్నావేటి? ఒడిసి పట్టేత్తన్నావు" అని సన్యాసి వేళాకోళం. కసికొద్దీ మిగతా పీడీలూ ఒకరి మీద ఒకరు ఊదుకోవడం మొదలెట్టారు. మాకు కావలసింది సరిగ్గా అదే. లీగ్ చివరి ఆట ఒక్క పాయింటుతో గెలిచి, రెండో స్థానంలో రైలెక్కాం. మొదటి స్థానం సూర్యనారాయణ గారి జట్టుది.

అక్కడ తొలి ఆట సునాయాసంగా గెలిచాం. రెండోది గెలిస్తే క్వార్టర్ ఫైనల్. రెండో సగం మొదట్లోనే నూకరాజుకి నాలుగు ఫౌళ్లు పడ్డాయి. ఇంకొకటి పడితే అంతే. వెనక్కి పిలుద్దామని లేచాను. అక్కణ్ణుంచే చెయ్యి ఊపాడు, "ఉంచండి సార్." ఉంచాను. ఆ తరవాత అతని చేతులు గాల్లోనే ఉన్నాయి, కాళ్లు మాత్రం నిలవలేదు. చివరి నిమిషం, మాకు ఒక్క పాయింటు ఎక్కువ. వాళ్ల పొడుగాటి ఆటగాడు బంతితో దూసుకొచ్చాడు. పాత నూకరాజయితే మణికట్టు పట్టేసేవాడు. ఈ నూకరాజు రెండడుగులు పక్కకు వేసి, చేతులెత్తి, దారికడ్డంగా నిలబడిపోయాడు. వాడొచ్చి ఛాతీకి గుద్దుకున్నాడు. ఇద్దరూ పడ్డారు. విజిల్.

రిఫరీ వేలు చూపించడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. వేలు గుద్దినవాడి వైపు తిరిగింది. ముందే నిలబడ్డవాణ్ణి గుద్దితే ఫౌల్ గుద్దినవాడిదే; బంతి మాది, ఆటా మాదే. మావాళ్ల అరుపులకు నా చెవులు దిబ్బళ్లు పడ్డాయి. దక్షిణాది వాళ్లంటే పడదనుకున్న రిఫరీయే ఆ ఫౌల్ ఇచ్చింది!

క్వార్టర్ ఫైనల్లో చిత్తుగా ఓడాం. అయినా సర్టిఫికెట్ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. సూర్యనారాయణ గారి జట్టు రెండో ఆటలోనే ఓడింది కానీ, ఆయన నా దగ్గరికొచ్చి, "అయిదుగురూ ఆఖరిదాకా కోర్టులోనే ఉన్నారండి మేష్టారూ. ఇన్నేళ్లలో ఇదే మొదలు" అన్నారు. పై ఏడు తన ఆటలన్నిటికీ నన్నే రిఫరీగా వెయ్యమని అడిగారు.

ముహూర్తం నమ్మేవాణ్ణి నిలదీయడం నాకు తేలిక, అతను నేను కాదు కనక. నా నోట్లోని విజిల్‌ని నిలదీయడానికి ఒక కుర్రాడు కావలసివచ్చాడు. ఊరంతా కలిసి ఒక తప్పుని ఒప్పనుకుంటే దానికి మర్యాద అని పేరొస్తుంది. బయటివాడెవడో అది తప్పని ఊదితే, వాడికి మనమంటే పడదంటాం. ఆ మాట నా నోట్లోకి వచ్చినప్పుడల్లా, ముందు వెళ్లి స్కోర్ షీటు తీసి చూసుకోవడం అలవాటు చేసుకున్నాను.