శాంపిల్ సరిపోలేదట

ఏన్కూరులో నాది ఆడవాళ్ల బట్టలు కుట్టే చిన్న షాపు. అప్పుడు నాకు ముప్పై తొమ్మిదేళ్లు. ఒకరోజు ఆశా కార్యకర్త షాపులోకి వచ్చి కూర్చుంది.

"ముప్పై దాటినోళ్లందరు గర్భసంచి మూతి క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాలె. నొప్పి లేకున్నా సరే. ముందుగాల తెలిస్తే నయమైతది. గురువారం పెద్ద దవాఖానాకు రా అక్కా" అంది.

నొప్పి లేకుండా దవాఖానాకు వెళ్లే అలవాటు మా ఇళ్లలో లేదు. అయినా సరేనన్నాను. ఒక్కదాన్నే వెళ్లడానికి బెరుకేసి పక్కింటి అక్కను బతిమాలాను. ఆమె మిర్చి వేస్తుంది, నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. ఆఖరి కాన్పు తర్వాత ఏ డాక్టరుకూ ఒళ్లు చూపించలేదు. "నువ్వొస్తున్నవ్ గాబట్టే వస్తున్న" అంది.

బస్సులో గంట ప్రయాణం. తీరా వెళ్తే పరీక్ష చేసే సిస్టర్ ట్రైనింగుకు పోయిందన్నారు. మిర్చి కోత వదులుకుని వచ్చిన అక్క ఇల్లు చేరేదాకా సణుగుతూనే ఉంది.

మరుసటి గురువారానికి ఆమెను మళ్లీ ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఈసారి సిస్టర్ ఉంది. గది తలుపుకు గడియ లేదు. అక్క లోపలున్నప్పుడు నేను, నేను లోపలున్నప్పుడు అక్క బయట తలుపు పట్టుకుని నిలబడ్డాం. సిస్టర్ నెమ్మదస్తురాలు. "ఊపిరి వదులమ్మా, అయిపాయె" అంటూనే శాంపిల్ తీసేసింది. కాస్త ఇబ్బందే తప్ప నొప్పేమీ లేదు.

"ఇంతేనా! దీనికేనా ఇన్నేండ్లు భయపడ్డది!" అని అక్క బస్టాండులో పకపకా నవ్వింది. రిపోర్టు పదిహేను రోజుల్లో ఫోన్లో చెబుతామన్నారు.

నెల గడిచినా ఫోన్ రాలేదు. షాపు మూసి నేనే వెళ్లాను. రిజిస్టరు దగ్గర కూర్చున్నాయన "ఫోన్ చేసినం, ఎవ్వరు ఎత్తలే" అన్నాడు. చూస్తే నా పేరు పక్కన మా ఆయన నంబరుంది.

"నేను నా నంబరు చెప్పిన గద?"

"ఆధార్ల ఉన్నదే ఎక్కించినమమ్మా." కాగితాలు తిరగేసి, "మీ ఇద్దరియి శాంపిళ్లు సరిపోలే. మళ్ల తీయాలె" అన్నాడు.

"సరిపోలేదంటే ఏంది? రోగం ఉన్నట్టా, లేనట్టా?"

"ఉందని కాదు, లేదని కాదు. గురువారం రాండ్రి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఉందో లేదో తెలుసుకోవడానికే కదా ఇన్నిసార్లు తిరిగింది! బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

విషయం చెబితే అక్క చాటలోని మిరపకాయల నుంచి తలెత్తలేదు. "ఒక్కసారి సిగ్గు చంపుకున్న చెల్లే. రెండోసారి నాతోని కాదు" అంది.

భద్రాచలంలో మా పెద్దమ్మ కూతురు ఉంటుంది. ఆమెను తోడు తీసుకుని అక్కడ ఒక లేడీ డాక్టరు దగ్గర మళ్లీ పరీక్ష చేయించుకున్నాను. ఒక్కోసారి కణాలు సరిపడా రావని, అది రోగానికి గుర్తు కాదని ఆమె విడమరిచి చెప్పింది. ఆ రెండు ముక్కలు మొదటిచోటే చెప్పి ఉంటే! రిపోర్టు మామూలుగానే వచ్చింది. మూడేళ్ల తర్వాత మళ్లీ రమ్మంది.

ఆ కాగితం పట్టుకుని అక్క దగ్గరికి పరుగెత్తాను.

"మంచిదే గద. నీకు లేదంటే నాకు గూడ ఉండదు."

"మనిద్దరి ఒళ్లు ఒక్కటేనా అక్కా?"

"కోతలైనంక చూద్దాం తీ."

కోతలు అయిపోయాయి. మిర్చి అమ్ముడుపోయింది. ఆమె కదల్లేదు. ఆశా కార్యకర్తను పట్టుకుని నువ్వైనా చెప్పమంటే, ఫోన్‌లో జాబితా తీసి చూపించింది. అక్క పేరు పక్కన పరీక్ష అయిపోయినట్టు టిక్కు ఉంది.

"రిపోర్టే రాలే, అయిపోవుడేంది?"

"శాంపిల్ తీస్తే అయినట్టే చూపిస్తదక్కా. మళ్ల తీయాల్నని రాసేతందుకు ఇందుల జాగ లేదు" అందామె, తన తప్పేమీ లేదన్నట్టు. నిజానికి ఆమె తప్పు లేదు కూడా.

అక్కను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. ఈ మధ్య నేను వాళ్ల గుమ్మం ఎక్కితే చాలు, ఆమె ఏదో పని గుర్తొచ్చినట్టు పెరట్లోకి వెళ్లిపోతోంది.