పోటు కలపని లెక్క

మహబూబాబాద్‌లో టోకు కిరాణా వ్యాపారం చేసే ఇంట పుట్టిన ప్రసూన భౌతికశాస్త్రం చదివి, కాకినాడ వైపు గోదావరి నీళ్ళు సముద్రంలో కలిసే ఉప్పుటేర్లలో నీటి ప్రవాహం కొలిచే పనికి కుదిరింది. పడవ పక్కన నీళ్ళలోకి దించిన పరికరం ధ్వనిని పంపుతుంది. నీటితోపాటు కొట్టుకుపోయే మట్టి రేణువులకు తగిలి తిరిగొచ్చిన ధ్వనిలో తేడాను బట్టి ప్రవాహ వేగం తెలుస్తుంది. అక్కడి ఇంజనీరు ఆమె నోట 'ఎట్ల' అన్న మాట వచ్చినప్పుడల్లా సినిమాలో హాస్యగాణ్ణి చూసినట్టు నవ్వేవాడు. ఏరు సముద్రం వైపు పారే ఆటు వేళ కొలిచి, పోటుకు నీళ్ళు వెనక్కి వచ్చే వేళకు భోజనానికి లేచిపోయేవాడు. సగం కొలిచి కొలిచాననుకునే మనిషి తన యాసను చూసి నవ్వడమేమిటని ఆమెకు రోత.

సకల జనుల సమ్మెకు ముందు సెలవు మీద ఇంటికొచ్చింది. సమ్మె మొదలై బస్సులు ఆగిపోవడంతో తిరిగి పనికి వెళ్ళే వీల్లేకపోయింది. అందుకేమీ బాధపడలేదు. తెలంగాణ రాష్ట్రం రావాలని ఆమెకూ గట్టిగా ఉంది. రోజూ రిలే దీక్షల శిబిరానికి పోయేది.

శిబిరం నడిపేది పోశాలు. మొన్నటిదాకా చెరువుల పూడిక తీసే కాంట్రాక్టరు. తీసిన మట్టి కంటే బిల్లుల్లో చూపిన మట్టే ఎక్కువ. దీక్షకు కూర్చున్నవాళ్ళకు పొద్దున దండలు వేయడం, సాయంత్రం దీక్ష విరమణకు నిమ్మరసం ఇవ్వడం, రెండుసార్లూ ముఖం కెమెరా వైపు పెట్టడం, ఇదే ఆయన ఉద్యమం. గోదావరి నీళ్ళు సముద్రంలోకి ఎన్ని పోతున్నాయో ఒక్క అంకె చెప్పమని ప్రసూనను అడిగాడు.

ఆమె ఆటు వేళ కొలిచిన అంకె చెప్పి, దాన్ని వాడకూడదంది. అందులో ఎక్కువ సముద్రం నీళ్ళేననీ, పోటుకు అవి వెనక్కి వస్తాయనీ, ఇది రోజుకు రెండుసార్లు జరుగుతుందనీ ఓపికగా వివరించింది. ఆయన బుద్ధిగా తల ఊపాడు. ఆపైన మైకు అందుకుని, రోజుకు రెండుసార్లు మన నీళ్ళు సముద్రం పాలవుతున్నాయంటూ ఆ అంకెను రెట్టింపు చేశాడు. కొలిచొచ్చిన ఆడబిడ్డ ఈమేనని చూపించాడు. చప్పట్లు మోగాయి.

ఆ ఇంజనీరూ ఈ పోశాలూ ఒకే అచ్చులో పోసిన మనుషులని ఆమెకు అర్థమైంది. ఈ అంకెను అవతలివాళ్ళు ఒక్క పూటలో చించిపారేస్తారు. దానితోపాటు నీళ్ళు రాక ఎండిన బచ్చన్నపేట చెరువుల గోడు కూడా అబద్ధాల్లో కలిసిపోతుంది, అదీ తన పేరు మీద. లేచి మైకు అడిగింది.

"నీళ్ళల్ల మనకు అన్యాయం జరిగింది నిజం. గీ లెక్క మాత్రం తప్పు. నా పేరు మీద గిది చెప్పకుండ్రి."

పోశాలు చిరునవ్వు నవ్వాడు. "ఆ దిక్కు జీతం తిన్న నాలుక గదా బిడ్డా, గట్లనే తిరుగుతది."

జనం నవ్వారు. దీక్షలో కూర్చున్న గోరీ అనే తండా కూలీ మాత్రం నవ్వలేదు. "మరి అసలు లెక్కెంత చెల్లె?" అంది.

"తెల్వదక్కా. పోటు గూడ కొలవాలె."

మర్నాడు దీక్షలో ప్రసూన వంతు. పోశాలుతో పెట్టుకుంటే వ్యాపారం దెబ్బతింటుందని నాన్న వద్దన్నా వెళ్ళి కూర్చుంది. పోశాలు వరసగా దండలు వేస్తూ ఆమె మెడ దాటిపోయాడు. ఆ చేతి బంతిపూలు మీద పడనందుకు ఆమెకు హాయిగానే ఉంది. సాయంత్రం పత్రికలవాళ్ళు వచ్చేసరికి మాత్రం నిమ్మరసం గ్లాసుతో నేరుగా ఆమె దగ్గరికే వచ్చి కెమెరా వైపు తిరిగాడు.

"ఇంట్ల తాగుత కాకా" అని ప్రసూన లేచి చెప్పులు వేసుకుంది.