కెంజెతాయ్ బాబాయ్ బాతు సోర్పా

మా కెంజెతాయ్ బాబాయ్‌కి ఒక్కటే పిచ్చి. ఎవరు ఏ అడవి పక్షిని తిన్నా, దాని రుచి ఎలా ఉందో ఆయనకి చెప్పి తీరాలి. చెప్పేదాకా మన గుమ్మం వదలడు.

"కౌజుపిట్ట తిన్నావటగా, ఎలా ఉంది?"

"బావుంది బాబాయ్."

"బావుంది అంటే ఏం తెలుస్తుందిరా తోలెగెన్? కొవ్వు నాలుకకి అంటిందా, పళ్ళకి అంటిందా? తీపి ముందొచ్చిందా, చివర్నొచ్చిందా?"

ఇంత యావ ఉన్న మనిషి జన్మలో ఒక్క పక్షినీ కొట్టి ఎరగడు. చలి మొదలవుతూనే మా సరస్సు మీద అడవి బాతులు దిగుతాయి. బాబాయ్ తుపాకీ భుజాన వేసుకుని పోతాడు, ఖాళీ సంచీతో, బోలెడు కబుర్లతో వస్తాడు. "ఇవాళ ఆ కుంటి ఆడబాతు నన్ను గుర్తుపట్టిందిరా!" అంటాడు. తుపాకీ నక్కల్ని బెదిరించడానికట. ఇంట్లో గోధుమలన్నీ గట్టు మీద చల్లి వస్తుంటే దామెష్ పిన్ని నెత్తి కొట్టుకునేది. ప్రేమతో మేపుతున్నాడా, కోసుకు తినడానికి మేపుతున్నాడా? ఊళ్ళో ఎవరికీ అంతుపట్టలేదు. నాకు అసలే పట్టలేదు.

పోయిన ఏడు చిక్కొచ్చి పడింది. వేట నుంచి తిరిగొచ్చేవాడికి పెద్దవాళ్ళు ఎదురై "సిరాల్గీ" అన్నారంటే, కొట్టిన దాంట్లో వాటా ఇవ్వాల్సిందే. కాదంటే తలవంపులు. ఉల్బాల అవ్వ మొగుడు పేరుమోసిన వేటగాడు. ఆయన పోయాక ఆవిడ మాంసం పెడితే తోసేస్తోంది, టీ నీళ్ళతో బతుకుతూ చిక్కి సగమైంది. చూపూ ఆనదు. ఆవేళ బాబాయ్ భుజాన తుపాకీ మసగ్గా కనబడేసరికి ఆవిడ మొహం విప్పారింది.

"సిరాల్గీ, నాయనా! బాతు సోర్పా తాగాలనుందిరా."

బాబాయ్ మొహం పాలిపోయింది. ఖాళీ సంచీ వీపు వెనక్కి దాచేశాడు.

"నీకు కాకపోతే ఇంకెవరికవ్వా! వండి పట్టుకొస్తా."

మర్నాడు తువ్వాల్లో చుట్టిన మాంసం రసం గిన్నె అవ్వ ఇంటికి వెళ్ళింది. ఆవిడ గిన్నె నాకేసిందట. ఇక తరచూ గిన్నె వెళుతూనే ఉంది. బాబాయ్ బాతుల్ని కొడుతున్నాడనుకున్నాను. సరస్సుకి పరిగెత్తాను. కుంటి ఆడబాతుతో సహా అన్నీ హాయిగా ఈదుతున్నాయి! ఇంటికొస్తే పిన్ని శోకాలు పెడుతోంది.

"నక్క మళ్ళీ నా పుంజుని ఎత్తుకుపోయిందిరా! ఈయనేమో తుపాకీతో సరస్సుకి కాపలా!"

నా బుర్ర తిరిగిపోయింది. ఆ సాయంత్రం బాబాయ్ పాకలోకి తొంగిచూశాను. పొయ్యిలో ఎండు రెల్లు పొగలు కక్కుతోంది. గిన్నెలో కోడిపుంజు ఉడుకుతోంది. గొర్రె కొవ్వు కొంచెం కొంచెం జారవిడుస్తూ బాబాయ్ గొణుగుతున్నాడు. "కొవ్వు నాలుకకే అంటాలి... తీపి చివర్న రావాలి..."

"బాబాయ్!"

"అరవకురా! వాటిని చంపలేను. అలాగని అవ్వని పస్తు పెట్టలేను. ఇది తాగి చెప్పు, బాతులా ఉందా?"

ఉప్పగా ఉంది. ఆ మాట చెప్పడానికి మనసు రాలేదు. గిన్నె నేనే మోసుకెళ్ళాను.

"బాతు బావుందా అవ్వా?" అన్నాను, పైకి ఏమీ ఎరగనట్టు.

"బాతా నా మొహమా! వేటగాడితో కాపురం చేసినదాన్ని, కోడిపుంజు తెలీదురా నాకు?"

"మరి తాగుతున్నావే?"

"తాగకపోతే ఆ పిచ్చిసన్నాసి నిజంగానే బాతుని కొడతాడు. కొట్టి, ఆ దిగులుతో తనే తిండి మానేస్తాడు. అయినా వాడొచ్చి పక్కన కూచుని బాతుల కబుర్లు చెబుతుంటే నాకు గిన్నెడు సోర్పా తెలీకుండానే దిగిపోతోంది. కాస్త ఉప్పు తగ్గించమను. నాకు తెలిసిపోయిందని మాత్రం అనకు."

ఎలా చెప్పను? ఆలోచించి ఆలోచించి, "బాబాయ్, ఈ ఏడు బాతులు కాస్త ఉప్పగా ఉన్నాయంటోంది అవ్వ" అన్నాను.

బాబాయ్ గంభీరంగా గడ్డం గోక్కున్నాడు.

"నిజమేరా. మన సరస్సు నీళ్ళే ఉప్పన. ఇకనుంచి అవతలి మంచినీళ్ళ సరస్సు బాతుని వండుతాను" అన్నాడు.

దొడ్లో పిన్ని మిగిల్చుకున్న ఆఖరి పుంజు గట్టిగా కూసింది.