బర్రె కడుపులో గుర్వమ్మ తిట్లు

అచ్చంపేట బస్టాండు వెనక సందులో సాయిలన్న డీటీపీ షాపుంది. బోర్డు మీద 'శుభలేఖలు, కరపత్రములు, అన్ని రకముల ఫారములు' అని ఉంటుంది. ఆ 'అన్ని రకముల' అనే మాటకు సాయిలన్న జవాబుదారీ కాదు. యాభై రెండేళ్ల మనిషి. ఏడో తరగతి దాకా చదివాడు. ఇంగ్లిషు ముక్క రాదు. తెర మీద ఇంగ్లిషులో ఏదైనా వస్తే సందులో పోయే కాలేజీ పిల్లల్ని పిలిచి, "బిడ్డా, గిది నన్ను తిడతాందా, అడుగుతాందా జర చూడు" అంటాడు.

ఆయన కంప్యూటర్ తొంభై ఎనిమిదిలో కొన్నది. వాళ్లమ్మ గుర్వమ్మ పాలిచ్చే బర్రెను అమ్మి కొనిచ్చింది. అందుకని ఆమె దాన్ని ఏనాడూ కంప్యూటర్ అనలేదు. బర్రె అనే అనేది. "నా బర్రెకు ఒకటే తోక ఉండె, పూటకు మూడు లీటర్లిచ్చె. నీ బర్రెకు ఆరు తోకలు, ఒక్క చుక్క లేదు" అని వైర్లను చూపించి సందంతా వినబడేలా అడిగేది. పొద్దున షాపు తెరిచే వేళకు అదే సందులోని ఇంటి గడపలోంచి, "బర్రెకు మేతేసినవారా?" అని ఒక కేక. సాయిలన్న స్విచ్ వేసేవాడు.

ప్రతి ఆదివారం పొద్దున ఆ బర్రె చుట్టూ మేం చేరతాం. జూనియర్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుని రిటైరైన దివాకర్ సార్. మీసేవ నడిపే శైలజక్క. ఈమెకు ఫ్లాపీలు కూడబెట్టే పిచ్చి, నగల డబ్బాలో దాచుకుంటుంది. మూడోవాడిని నేను. సెల్లులు రిపేరు చేస్తాను, ఎవరూ నేర్పలేదు, కొన్ని సెల్లుల ఖర్మ. మాకు పని ఉండదు. పాత మెషీన్ల గురించి కొట్లాడుకోవడమే పని.

"గా పాత ఫోరెయిటీసిక్సు కంప్యూటర్‌కు టర్బో బటన్ ఉండె," అంటాడు దివాకర్ సార్, చనిపోయిన ఎద్దును తలుచుకున్నట్టు. "ఒత్తితే ఉరికేది."

"ఏడికి ఉరికేది సార్?" అంటుంది శైలజక్క. ఆమె ఆయన దగ్గరే చదివింది. "ల్యాబుకు తాళమేసి చెవి జేబుల వెట్టుకుంటిరి. మేం రెండేండ్లు కిటికీలకెల్లి చూసినం."

"దుమ్ము వడతదని ఏసిన."

"పిల్లలు వడతరని ఏసిండ్రు."

సాయిలన్న ఈ కొట్లాటల్లో దూరడు. మౌసు బొడ్డులోంచి గోలీ తీసి, గోటితో మురికి గీకుతూ నవ్వుకుంటాడు.

ఆయన దగ్గర అసలైన పాత సరుకు కంప్యూటర్ కాదు, తాళం. ఆ కాలపు తెలుగు సాఫ్ట్‌వేర్‌కు నిజంగానే ఒక తాళం ఉండేది. అగ్గిపెట్టెంత ముక్క. కంప్యూటర్ వెనక ప్రింటరు వైరు గుచ్చేచోట గుచ్చాలి. అది ఉంటేనే తెలుగు తెలుగులా కనబడుతుంది. లేకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. దొంగ కాపీలు కొట్టకుండా చేసిన ఏర్పాటు. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. సాయిలన్న పొద్దున దాన్ని గుచ్చి, సాయంత్రం పీకి, మొలతాడుకు కట్టుకుని ఇంటికి పోయేవాడు. పెళ్లాం కరుణ వదిన, "నాకు పుస్తెలెట్లనో ఈయనకు గదట్ల" అనేది.

ఆ తాళంతో తెరుచుకునే వాటిలో శుభలేఖలు కాకుండా ఒక ఫైలుంది. దాని పేరు 'అమ్మ'. ఇరవై ఏళ్లుగా గుర్వమ్మ తిట్టిన తిట్లన్నీ సాయిలన్న అందులో కొట్టి పెట్టాడు. నంబరు, తేదీ, ఎవరికి. మొత్తం మూడు వందల నలభై రెండు. అందులో రెండు వందలు 'నాకు' అనే ఉంటాయి. గుర్వమ్మ ఒకసారి తిట్టిన తిట్టు మళ్లీ తిట్టదు, అదీ ఆమె పద్ధతి. అందరూ తిట్టే "నీ నోట్లె మన్ను వడ" లాంటివి ఆమె నోట రావు. "నీ బండి పంచరు గాను, పంచరేసెటోడు అత్తగారింటికి వోను" అని తిడుతుంది. పెద్ద తిట్టయితే సాయిలన్న దండం పెట్టి, "అమ్మా, జర ఆగు, రాసుకుంటా" అనేవాడు. ఆమె ఆగేది.

నా తిట్టు రెండు వందల పద్నాలుగో నంబరు. మౌసు కింద ప్లాస్టరు ముక్క అంటించి సాయిలన్నను అరపూట ఏడిపించినందుకు వచ్చింది.

పోయిన ఎండాకాలం గుర్వమ్మకు తలలో రక్తం గడ్డకట్టింది. మహబూబ్‌నగర్ దవాఖానలో తొమ్మిది రోజులుండి వచ్చింది. కాళ్లు చేతులు బాగానే ఆడుతున్నాయి. అన్నం తింటోంది. ఒక్కటే తేడా వచ్చింది: మర్యాదస్తురాలైంది.

ఆటో దిగుతూనే కొడుకును చూసి, "సాయిలు గారూ, మీకు శ్రమ ఇచ్చిన" అంది. సాయిలన్న చేతిలోని సంచి కిందపడింది.

మరునాడు పక్కింటామె అండాలు పెంచే మేక వచ్చి గుర్వమ్మ చిక్కుడు తీగ సగం నమిలింది. మామూలుగా అయితే ఆ మేక వంశం ఏడు తరాల దాకా లెక్కకు వచ్చేది. గుర్వమ్మ మంచం మీద నుంచి, "తిననియ్యమ్మా, పాపం, నోరులేని జీవం" అంది. అండాలు ఏడ్చుకుంటూ వచ్చి, "పెద్దమ్మ ఇగ దక్కదు" అని కరుణ వదిన భుజం మీద పడింది. సందు సందంతా ఆ మాటే అనుకుంది.

సాయిలన్న ఆదివారం మా దగ్గర కూర్చుని, మౌసు గోలీని అరచేతిలో దొర్లిస్తూ అన్నాడు: "నన్ను 'మీరు' అంటాంది. అన్నం తిన్నరా అంటాంది. మనిషున్నది, మా అమ్మ లేదు."

డాక్టరు పాత సంగతులు గుర్తు చేస్తూ ఉండమన్నాడట. ఫొటోలు చూపించారు. "అందరూ బాగున్నరు" అందట. అప్పుడు సాయిలన్నకు ఫైలు గుర్తొచ్చింది. ఆమె తిట్లు ఆమెకే చదివి వినిపిస్తే? కానీ తాళం నెలక్రితం ఎక్కడో పోయింది. షాపంతా వెతికాడు, మొలతాడు కూడా విప్పి చూశాడు.

నేను లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పే మాట కాదు.

"అన్నా, తాళం పోలే. నేనే తీసిన. నువ్వు చాయకు వోయినప్పుడు. నువ్వు ఎతుక్కుంటుంటే జర నవ్వుదామని. ప్యాంటు జేబులనే మర్చిపోయిన. మా అమ్మ ప్యాంటును బండ మీద నాలుగు బాదింది."

జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. మూడు సూదులు విరిగిపోయి, పెంకు పగిలి, నీళ్లు తాగి ఉంది. నెలంతా జేబులోనే పెట్టుకుని తిరిగాను, చెప్పే ధైర్యం లేక.

సాయిలన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తిట్టు అన్నా," అన్నాను.

"నాకు రాదు తమ్మీ. మా ఇంట్ల గా పని అమ్మదే."

అంతకంటే ఆయన నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది.

దివాకర్ సార్ కళ్లజోడు పైకి నెట్టుకుని సూదులకు టంకం పెట్టి చూశాడు. తాళం వేడెక్కింది తప్ప కదల్లేదు. "లోపల చిప్పు పోయింది. పాపం, మంచి చిప్పు," అన్నాడు. శైలజక్క ఫైలును తన ఫ్లాపీ మీద ఎక్కించి, మమ్మల్ని మీసేవకు తీసుకుపోయి, కొత్త కంప్యూటర్‌కు ఫ్లాపీ డ్రైవు తగిలించి తెరిచింది. తెర నిండా చెత్త. టోపీలు పెట్టుకున్న ఇంగ్లిషు అక్షరాలు, పౌండు గుర్తులు, నడుమ నడుమ ఖాళీ డబ్బాలు.

"ఒక్కొక్క గుర్తు ఏ అక్షరమో పట్టుకుంటే మార్చొచ్చు," అన్నాను. "రెండు నెలలు వడతది. నేను చేస్త."

"రెండు నెలలు మీ పెద్దమ్మ ఆగద్దా?" అంది శైలజక్క.

ఇంతలో పక్క నుంచి కిచకిచమని నవ్వు. సాయిలన్న తెరకు ముక్కు ఆనించి, నోరు మూసుకుని నవ్వుతున్నాడు.

"ఏమైందన్నా?"

"గీ పన్నెండోది. మా మేనమామను తిట్టింది. నీ బియ్యంల రాళ్లుండ, నీ రాళ్లల్ల బియ్యం లేకపోను."

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పాపం, తల్లి దిగులుతో మనిషికి ఏదో అయిందనుకున్నాం. నేను మెల్లగా పేజీ కిందికి జరిపి రెండు వందల పద్నాలుగు దగ్గర ఆపాను. "గిది సదువన్నా."

సాయిలన్న తడుముకోకుండా చదివాడు: "నీ సెల్లు క్రిష్ణల వడ, దాని ఎంబడి నువ్వు వడ, మీ ఇద్దరికి సిగ్నలు దొరకకపోను."

అక్షరం తప్పు పోలేదు. ఆ తిట్టు నాదే, నాకు తెలుసు.

"గిదేం విద్యన్నా!"

"విద్యేంది? పాలమూరు ప్రెస్సుల తాళం లేదు, నా ఫైలు తెరిస్తే గిదే కనవడతది. వాండ్లకాడ శుభలేఖల తప్పులన్నీ గిట్లనే దిద్దినగద ఇరవై ఐదేండ్లు. మీకు రాదా?" మాకు రాదన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. "సదువుకున్నోళ్లు కదా, వస్తదనుకున్న."

దివాకర్ సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్లు ల్యాబుకు తాళం వేసుకుని కాపాడిన మనిషి, ఏ తాళం లేకుండా చదివేవాడిని చూసి కొంచెం డీలాపడ్డాడు.

ఒక చిక్కుంది. ఖాళీ డబ్బాలు. వేర్వేరు అక్షరాలే, కానీ తెర మీద అన్నీ ఒక్కలాంటి డబ్బాలుగా పడ్డాయి. వాటిని సాయిలన్న కూడా చదవలేడు. "డబ్బాల సంగతి తర్వాత చూద్దాం," అని కాగితాలు ప్రింటు తీయించుకుని అప్పుడే ఇంటికి నడిచాడు. మేం వెంట పడ్డాం.

గుర్వమ్మ చిక్కుడు పందిరి కింద మంచంలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి, "రండి నాయినా, కూసోండి, చాయ తాగుతరా?" అంది. ఆ ఇంట్లో నాకు చాయ ఎవరూ అడిగి ఇయ్యలేదు, తిట్టి ఇచ్చారు.

సాయిలన్న చదవడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఆమె తల ఊపుతూ విన్నది. ఇరవయ్యో తిట్టు దగ్గర, "ఎవలు నాయినా గీ మాటలన్నది? గింత నోరున్న ఆడిది ఏ ఊర్లనన్నా ఉంటదా?" అంది. సాయిలన్న కాగితాలు ఒళ్లో పెట్టుకున్నాడు. కరుణ వదిన లోపలికి పోయింది. ఆయన నీళ్లు తాగి మళ్లీ అందుకున్నాడు. పది కాగితాలు తిరగేసినా గుర్వమ్మ మొహంలో మర్యాద చెక్కు చెదరలేదు. పందిరి అవతల అండాలు మేక మాత్రం హాయిగా తీగ నములుతోంది.

తొంభై ఏడు దగ్గర సాయిలన్న చిక్కుకున్నాడు.

"నీ బోరుల గాలి రాను, గా గాలికి నీ... నీ డబ్బా డబ్బా ఎగిరిపోను."

"డబ్బా డబ్బా ఏందన్నా?"

"రెండక్షరాలు పక్కపక్కన డబ్బాలే వడ్డయి. కింద ఒత్తుల్లేవు. ఎవలికన్నది? నాకే అన్నది. యాదికి లేదు."

పాత సరుకు పిచ్చోళ్లకు ఇలాంటి చిక్కు దొరికితే ఎక్కడున్నామన్నది మర్చిపోతారు.

"టోపి," అన్నాడు దివాకర్ సార్.

"సాయిలన్నకు టోపి ఏడిది సార్? మీసం," అంది శైలజక్క.

"మీసం గాలికి ఎగురుతదా? పంచె అయితది," అన్నాన్నేను.

"పంచెకు గంత గాలి బోరులకెల్లి వస్తదా?" అని దివాకర్ సార్ వేళ్ల మీద లెక్క వేయబోయాడు. సాయిలన్న మాత్రం తెలిసిందే మళ్లీ మళ్లీ చదువుతున్నాడు: "గా గాలికి నీ డబ్బా డబ్బా ఎగిరిపోను. నీ డబ్బా డబ్బా..."

"గోచి రా!"

అందరం ఉలిక్కిపడ్డాం.

"గోచి రా మొద్దు పీనుగా! గాలికి గోచి గాక నీ బర్రె ఎగురుతదారా? రాసుకుంటా రాసుకుంటా అని ఇరవై ఏండ్లు నా నోరు ఎండవెట్టినవు, గోచి రాయరాదా నీకు? డబ్బా డబ్బా అంటవేందిరా, రేషను దుకాణంల నిలవడ్డట్టు?"

సాయిలన్న చేతిలోని కాగితం తిరగేశాడు. "అమ్మా, జర ఆగు," అన్నాడు. నా జేబులోని పెన్ను లాక్కుని, కాగితం వెనక రాశాడు: మూడు వందల నలభై మూడు. ఎవరికి: నాకు.

గుర్వమ్మ ఆగలేదు. పందిరి దిక్కు తిరిగింది, తీగ చూసింది, మేకను చూసింది. తిట్టుకు సరిపడా గుండెనిండా గాలి పీల్చింది.

గోడ అవతల అండాలు, "అయ్యో, పెద్దమ్మొచ్చింది!" అని మేక తాడు పట్టుకుని ఉరికింది.