చిన్నాయన లేకుండా మదనపల్లెకు

నా చిన్నప్పుడు ఒక ఏడాదంతా మా అవ్వా తాతా ఇంట్లో కంటే బస్సుల్లోనే ఎక్కువ ఉన్నారు. నాన్నకు తమ్ముడైన మా చిన్నాయనకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. కుప్పం దగ్గర మా పల్లె నుంచి పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లె ఆసుపత్రికి ఆయన్ను తీసుకుపోయేవాళ్లు, కొన్నాళ్లుండి తెచ్చుకునేవాళ్లు, మళ్లీ పోయేవాళ్లు. ఇంటినీ పశువులనూ మా అమ్మానాన్నలే చూసుకున్నారు. పెళ్లి కూడా కాని ఆ చిన్నాయన చివరికి బతకలేదు.

ఆయన పోయాక తాత ఇంట్లో పడుకోవడం మానేశాడు. చేనుకాడ మోటారు కొట్టంలోనే ఉండేవాడు. అన్నం అక్కడికే పంపేవాళ్లం. సగం తిని సగం కుక్కకు వేసేవాడు. అవ్వ మాత్రం పనులన్నీ చేసేది, కానీ ఎవరైనా పిలిస్తే రెండోసారి పిలిచేదాకా పలికేది కాదు.

ఏడాది తిరిగి, సంవత్సరీకం పెట్టిన మర్నాడు అవ్వ మా అమ్మను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. తామిద్దరూ దారులు పట్టుకు తిరుగుతుంటే ఇల్లు చెదరకుండా కాపాడినావని ఆమె చెయ్యి పట్టుకుని చెప్పింది. అమ్మ ఏడ్చేసింది. తర్వాత అవ్వ తాతతో, పుంగనూరుకూ మదనపల్లెకూ పోయి, ఆ ఏడాది తమను ఆదుకున్నవాళ్లకు కూడా ఒక మాట చెప్పి రావాలంది. తాత తల అడ్డంగా ఊపాడు.

“బిడ్డ బతికుంటే గదా పొయ్యి చెప్పేది. ఏం మొగం పెట్టుకోని పోదాము?”

“వాడు పోయినాడని వాళ్లు చేసింది లేకుండా పోతాదా?” అంది అవ్వ.

తాత లేచి చేనుకు పోయాడు. కానీ తెల్లారి చొక్కా వేసుకుని వచ్చాడు. చెనక్కాయలు రెండు సంచుల్లో కట్టుకుని, నన్ను తోడు తీసుకుని బయలుదేరారు.  బస్సులో వాళ్ల మధ్య కూర్చున్న నాకు అది చిన్నాయన కూర్చునే చోటని ఎందుకో అనిపించి, ఒళ్లు దగ్గరికి ముడుచుకున్నాను.

పుంగనూరు బస్టాండు వెనక సందులో ఒకామె ఇల్లు. ఒకసారి బస్సులో వాంతులై చిన్నాయన సొమ్మసిల్లితే, ముక్కూమొహం తెలియని ఆ మనిషే లోపల చాప పరిచి, గంజి తాగించి, సాయంత్రం దాకా ఉంచుకుందట. అవ్వాతాతలను చూడగానే గుర్తుపట్టి నవ్వుతూ ఎదురొచ్చింది.

“రాండమ్మా, రాండి. పిల్లోడు యాడ? ఇప్పుడు బాగుండాడా?”

తాత వీధివైపు తిరిగిపోయాడు. అవ్వే చెప్పింది.

“లేడమ్మా. పోయినాడు. ఆ పొద్దు నీ ఇంట్లో కడుపునిండా గంజి తాగినాడు. అది నీకు చెప్పిపోదామని వచ్చినాము.”

ఆమె చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది.  తర్వాత ఆ ఇద్దరాడవాళ్లూ గడపలోనే కూర్చుని ఏడ్చారు. నాకు భయమేసి తాత పంచె పట్టుకున్నాను.

మదనపల్లెలో ఆసుపత్రికి దగ్గరగా ఒక పెద్దాయన తన వసారాలో వీళ్లకు చోటిచ్చి, రోజూ చిన్నాయనకు వేడినీళ్లు కాచి ఇచ్చేవాడట. మేం పోయేసరికి ఆ ఇంటికి తాళం వేసి ఉంది. కూతురు తనతో తీసుకుపోయిందనీ, ఏ ఊరో తెలియదనీ పక్కింటివాళ్లు చెప్పారు. అవ్వ సంచి కింద పెట్టి, ఇక ఏం చేయాలో తోచనట్టు నిలబడిపోయింది. అంతదాకా వెనకే ఉన్న తాత ముందుకు పోయి, ఆ మూసిన తలుపుకు దండం పెట్టాడు. పెట్టిన చేతులు దించలేదు. భుజాలు కదిలిపోవడం చూశాక గాని ఆయన ఏడుస్తున్నాడని నాకు తెలియలేదు. చిన్నాయనను మట్టిలో పెట్టిన రోజు కూడా తాత ఏడవలేదు.

ఇంటికి వచ్చాక తాత చేనుకు పోలేదు. లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, “వాడు పుట్టిన ఇల్లు. మనకు ఇదన్నా ఉండాది” అన్నాడు. అవ్వ కంచం పెట్టింది, తిన్నాడు. అంతటితో దిగులు తీరిందని చెప్పలేను. కొన్నాళ్లకే మళ్లీ కొట్టం దారి పట్టాడు, బతికినన్నాళ్లూ అట్లాగే అటూ ఇటూ తిరిగాడు. అవ్వ నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

నిరుడు మా ఆయన పోయారు. గుండెనొప్పి వచ్చినప్పుడు ఆయన్ను ఆసుపత్రికి చేర్చిన ఆటో అతను మా వీధివాడే. ఆ తర్వాత నేను కనిపిస్తే తలవంచుకుని తప్పుకుపోయేవాడు. దినాలు అయిపోయాక నేనే వాళ్లింటికి పోయాను. ఆ పూట నువ్వు ఆయన్ను చేతుల మీద ఎత్తి ఆసుపత్రిలో దించినావు, నాకు గుర్తుండాది నాయనా, అని చెప్పాను. అతను కళ్లు తుడుచుకున్నాడు. నేను నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. నా బాధ ఏమీ తేలికపడలేదు. పడుతుందని మా అవ్వ ఎప్పుడూ చెప్పలేదు.